చలి ఉదయాల్లో మాత్రమే మిస్సింగ్: 1991 నాటి కార్బ్యురేటర్ మారుతి 800

మన్యంరోడ్డు
డిసెంబరు 8, రాత్రి 8:40

సభ్యులందరికీ నమస్కారం. నేను చింతపల్లిలో ఉంటాను. ఉద్యోగరీత్యా వారంలో మూడు నాలుగు రోజులు తెల్లవారుజామున ఐదున్నరకు బయలుదేరి, లంబసింగి మీదుగా ఘాట్ దిగి నర్సీపట్నం వెళ్లి రావాలి. నా దగ్గరున్నది 1991 నాటి మారుతి 800. కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం), చేత్తో లాగే చోక్ (చలిలో గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచేది), పాయింట్లు ఉన్న పాత రకం. కిందటి ఏప్రిల్‌లో మైదాన ప్రాంతంలో ఒకరి దగ్గర కొన్నాను. వేసవిలో గానీ వానల్లో గానీ ఒక్కనాడూ నన్ను దారిలో నిలబెట్టలేదు.

నవంబరు మూడో వారంలో చలి ముదిరిన దగ్గర నుంచి రెండు ఇబ్బందులు మొదలయ్యాయి. ఉదయం స్టార్ట్ చేసిన కొద్దిసేపటికి ఇంజిన్ మిస్సింగ్ ఇస్తుంది, అంటే ఏదో సిలిండర్ మండనట్టు, ఒక కాలు లేనట్టు కుంటుతుంది, కారు మొత్తం ఊగిపోతుంది, కొన్ని నిమిషాలకు దానంతట అదే సర్దుకుంటుంది. ఆ తర్వాత ఏడెనిమిది కిలోమీటర్లు చక్కగా నడిచి, పొగమంచు దట్టంగా ఉన్న చోట పికప్ పడిపోయి, దగ్గుతూ ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. మధ్యాహ్నం అదే దారిలో తిరిగి వచ్చేటప్పుడు ఈ రెండింటిలో ఒక్కటీ ఉండదు.

ఇప్పటిదాకా స్పార్క్‌కు సంబంధించిన భాగాలు, అంటే స్పార్క్ ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్, పాయింట్లు, కండెన్సర్ అన్నీ కొత్తవి వేయించాను. కార్బ్యురేటర్‌ను రెండుసార్లు విప్పి శుభ్రం చేశారు. ఆరు వేల రూపాయలకు పైగా ఖర్చయింది కానీ మిస్సింగ్‌లో వీసమెత్తు మార్పు లేదు. కార్బ్యురేటరే మార్చేయాలని ఇప్పుడు మా మెకానిక్ అంటున్నారు. ఆ ఖర్చు పెట్టేముందు అనుభవజ్ఞుల మాట విందామని ఇక్కడ రాస్తున్నాను.


పాతపానా
డిసెంబరు 8, రాత్రి 9:25

మన్యంరోడ్డు గారూ, దయచేసి ఇక ఏ సామానూ కొనకండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా పని చేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. ఆ ఏళ్లన్నిటిలో మంచి కార్బ్యురేటర్లను అనవసరంగా పీకి పారేయడం చాలాసార్లు చూశాను. మిస్సింగ్ ఎప్పుడు మొదలై ఎప్పుడు పోతుందో గడియారం పట్టుకుని చెప్పగలిగితే, సగం పని పానా ముట్టుకోకుండానే అయిపోతుంది.

రేపు ఉదయం ఈ సంగతులు చూసి రాయండి. తాళం తిప్పిన క్షణం నుంచే మిస్ అవుతోందా, లేక కాసేపు బాగా నడిచి అప్పుడు మొదలవుతోందా? అవుతున్నది ఒక సిలిండరా, మూడూనా? అది తెలియాలంటే ఐడిలింగ్‌లో ఒక్కొక్క ప్లగ్ క్యాప్ తీసి చూడాలి. ఏది తీసినప్పుడు ఇంజిన్ వేగం ఏమాత్రం తగ్గదో ఆ సిలిండరే పని చేయడం లేదు. క్యాప్‌ను ఉత్త చేత్తో పట్టుకోకండి, తీసిన వైరును గాలిలో వదలకండి. మంచి రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో తీసి ఇంజిన్ బాడీకి ఆనించండి, లేకపోతే కాయిల్ దెబ్బ తింటుంది. మిస్ అవుతున్నప్పుడు సైలెన్సర్ పొగ రంగు ఏమిటి? దారిలో ఆగిపోయే ముందు చోక్ లాగితే తేరుకుంటోందా, ఇంకా పాడవుతోందా? చివరిగా, టెంపరేచర్ ముల్లు ఎన్ని కిలోమీటర్లకు పైకి లేస్తోంది?


గోదారి గట్టు
డిసెంబరు 8, రాత్రి 10:02

నాకు పెట్రోలు మీదే అనుమానంగా ఉంది. ఇప్పుడు దాదాపు ప్రతి బంకులోనూ 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది, మీ కారు తయారైన కాలంలో అది లేదు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు హద్దు దాటితే, అందులోనూ చలిలో, ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. రాత్రి పడిన చలికి అడుగున చేరింది ఉదయం మొదట ఇంజిన్‌లోకి వెళుతుంది. పంపు దగ్గర గొట్టం విప్పి, ఒక తెల్ల గాజు సీసాలో అర లీటరు పట్టి, మూత బిగించి రాత్రంతా ఆరుబయట ఉంచండి. తెల్లారేసరికి అడుగున వేరే పొర కనిపిస్తే కారణం దొరికినట్టే.


ఆదిలాబాద్ ఉదయం
డిసెంబరు 9, ఉదయం 6:50

మా జిల్లాలోనూ శీతాకాలంలో ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలకు దిగిపోతుంది కాబట్టి నా అనుభవం చెబుతున్నాను. నా పాత కారుకూ ఇలాగే ఉదయం పూట మిస్సింగ్ వచ్చేది. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల వెంట్రుక మందాన పగులు ఉండి, దాని వెంట నల్లని కార్బన్ గీత ఏర్పడింది. రాత్రి చెమ్మ పట్టగానే స్పార్క్ ప్లగ్గుకు చేరకుండా ఆ గీత వెంబడి పారిపోయేది. చీకట్లో బానెట్ ఎత్తి, దీపాలన్నీ ఆర్పి, నడుస్తున్న ఇంజిన్‌ను చూస్తే నీలిరంగు మెరుపులు స్పష్టంగా కనిపించాయి. మీరు క్యాప్, వైర్లు మార్చామన్నారు కానీ, కొత్తవన్నీ మంచివని నమ్మలేం. రూపాయి ఖర్చు లేని పరీక్ష కనుక ఒకసారి చేసి చూడండి.


మన్యంరోడ్డు
డిసెంబరు 10, రాత్రి 9:15

మీ అందరికీ కృతజ్ఞతలు. రెండు ఉదయాలు కాగితం, గడియారం దగ్గర పెట్టుకుని గమనించినది రాస్తున్నాను. రెండు రోజులూ ఇంటి ముందు థర్మామీటరు 8 డిగ్రీలు చూపింది.

చోక్ పూర్తిగా లాగితే సగం తిప్పుకే స్టార్ట్ అవుతోంది. మొదటి 25 సెకన్లు మూడు సిలిండర్లూ చక్కగా పలుకుతున్నాయి. ఆ తర్వాత మిస్సింగ్ మొదలై మొదటి రోజు ఆరు నిమిషాలు, రెండో రోజు ఏడు నిమిషాలు ఉండి పోయింది. ప్లగ్ క్యాపులు తీసి చూశాను: ఒకటి, మూడు తీస్తే ఇంజిన్ ఆగిపోబోయింది, రెండోది తీస్తే ఏ తేడా లేదు. మిస్ అవుతున్నంతసేపూ సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన ఉంది కానీ నల్లని పొగ లేదు. రెండో ప్లగ్గును మూడో దాంట్లోకి మార్చి చూశాను. మిస్సింగ్ మాత్రం రెండో సిలిండరును వదల్లేదు.

చీకట్లో చూస్తే ఎక్కడా మెరుపు కనిపించలేదు. పెట్రోలు సీసాలో ఏ పొరా ఏర్పడలేదు, అడుగు దాకా ఒకే రంగులో తేటగా ఉంది. తాళం తిప్పుతున్నప్పుడు బ్యాటరీ వోల్టేజి 10.4 దగ్గర నిలిచింది.

దారిలో ఆగిపోయేది సరిగ్గా 7 కిలోమీటర్లు దాటాక. అప్పుడు మూడు సిలిండర్లూ కలిసే నీరసిస్తున్నాయి, ఏదో ఒకటి మిస్ అయినట్టు ఉండదు. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం రాదు, చోక్ లాగితే వెంటనే ఆగిపోతుంది. ఆ చివరి నిమిషంలో అద్దంలో చూస్తే వెనుక నల్లని పొగ కనిపించింది.

టెంపరేచర్ ముల్లు సంగతి మీరు అడిగేదాకా నేను పట్టించుకోలేదు. 20 కిలోమీటర్లు నడిచినా అది అడుగు గీతను దాటడం లేదు. ఇంజిన్ వేడెక్కడం లేదు కదా అని ఇన్నాళ్లూ సంతోషించాను.


పాతపానా
డిసెంబరు 10, రాత్రి 10:30

చాలా శ్రద్ధగా చూసి రాశారు. మీ కారుకు ఉన్నది ఒక రోగం కాదు, రెండు. రెండింటినీ ఒకటే అనుకుని వైద్యం చేయడం వల్లే ఇంతవరకు ఏదీ కుదరలేదు. ఒక్కొక్కటిగా చూద్దాం.

నా దృష్టి నిలిచింది ఆ 25 సెకన్ల మీద. చెమ్మ పట్టిన క్యాప్ గానీ, లీకయ్యే వైరు గానీ అయితే తాళం తిప్పిన క్షణం నుంచే మిస్ అవుతుంది, ఇంజిన్ వేడికి చెమ్మ ఆరిన కొద్దీ తగ్గుతుంది. చోక్ ఎక్కువై పెట్రోలు ముంచేస్తే మూడు సిలిండర్లూ కలిసి బరువెక్కుతాయి, పొగ నల్లగా ఉంటుంది. మీది అలా కాదు: బాగా మొదలై, అర నిమిషంలోపే చెడి, ఏడు నిమిషాలకు బాగుపడుతోంది, అదీ ఒకే సిలిండర్లో, ప్లగ్గు మార్చినా. ఇది స్పార్క్ గుణం కాదు, కార్బ్యురేటర్ గుణం అంతకన్నా కాదు. మూడు సిలిండర్లకూ పెట్రోలు పోసేది ఒకే కార్బ్యురేటర్ కదా. రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు (పొగను బయటికి వదిలేది) టాపెట్ గ్యాప్, అంటే వాల్వు మొనకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఉండే సందు, బిగుసుకుపోయి, వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదని నా నమ్మకం.

ఇంజిన్ రాత్రంతా చల్లబడ్డాక, స్టార్ట్ చేయకుండానే టాపెట్ కవరు విప్పి ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలుచని రేకులతో) ఆరు గ్యాపులూ కొలవండి. చల్లని ఇంజిన్‌కు 0.15 మిల్లీమీటరు ప్రాంతంలో ఉండాలి. కొలిచింది కొలిచినట్టు రాసుకోండి, అప్పుడే తిప్పవద్దు. వీలైతే కంప్రెషన్ గేజ్ ఒకటి అడిగి తెచ్చుకోండి. మూడు సిలిండర్ల కంప్రెషన్ (లోపల గాలి నొక్కుకున్నప్పుడు వచ్చే పీడనం) చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఒక్క నిమిషం నడిపి ఆపిన వెంటనే మరొకసారి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి తీయాలి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. చలి అని షెడ్డు తలుపు మూసి లోపల ఇంజిన్ నడపకండి. ఆ పొగ ప్రాణం తీస్తుంది.


గోదారి గట్టు
డిసెంబరు 11, ఉదయం 7:40

పెట్రోలు పరీక్షలో ఏమీ తేలలేదు కనుక నా అనుమానాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అయితే టాపెట్ల విషయంలో ఒక సందేహం ఉంది. టాపెట్లు తప్పితే టక టకమని శబ్దం రావాలి కదా? ఈ కారులో అలాంటి శబ్దం ఉన్నట్టు ఆయన ఎక్కడా రాయలేదు. పైగా టాపెట్ గ్యాప్ తప్పయితే చలిలోనూ ఎండలోనూ ఒకేలా ఉండాలి గానీ శీతాకాలంలో మాత్రమే ఎందుకు బయటపడాలి?


పాతపానా
డిసెంబరు 11, ఉదయం 9:05

శబ్దం చేసేది వదులు టాపెట్టు. బిగుసుకున్న టాపెట్టు నోరు మెదపదు, అందుకే అది ఎక్కువ ప్రమాదం. వదులుగా ఉన్నది చెవికి బాధ కలిగిస్తుంది కాబట్టి యజమాని వెంటనే షెడ్డుకు తెస్తాడు. బిగుతుగా ఉన్నది నిశ్శబ్దంగా వాల్వును కాల్చుకుంటూ పోతుంది. వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని హెడ్డుకు (ఇంజిన్ పై దిమ్మకు) వదిలేది సీటు మీద కూర్చున్నప్పుడే. పూర్తిగా కూర్చోని వాల్వు అంచు కొన్ని నెలల్లోనే కాలి కొరికినట్టవుతుంది. ఇంజిన్ నిశ్శబ్దంగా ఉండాలని టాపెట్లు బిగించమని అడిగేవారు మా షెడ్డుకు ఎందరో వచ్చేవారు. ఎంత చెప్పినా వారిలో చాలామంది ఒప్పుకునేవారు కాదు.

చలికాలంలోనే ఎందుకనే ప్రశ్న మంచిది. దానికి నా దగ్గర అనుభవం ఉంది గానీ లెక్క లేదు. కొలబద్ద గారు చూస్తే వివరించగలరు.


కొలబద్ద
డిసెంబరు 11, రాత్రి 8:20

నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. పాతపానా గారి ఊహకు లెక్క సరిగ్గా సరిపోతోంది.

ఈ ఇంజిన్ హెడ్డు అల్యూమినియం, వాల్వు ఉక్కు. డిగ్రీ వేడికి అల్యూమినియం వ్యాకోచించే మేర మామూలు ఉక్కు వ్యాకోచానికి దాదాపు రెట్టింపు. రాకర్లను మోసే రాకర్ షాఫ్టు, వాటిని ఆడించే క్యామ్ షాఫ్టు రెండూ హెడ్డులోనే కూర్చున్నందువల్ల, హెడ్డు పెరిగినప్పుడు రాకర్ వాల్వు మొన నుంచి దూరం జరుగుతుంది. సుమారు 100 మిల్లీమీటర్ల పొడవుకు, 80 డిగ్రీల వేడి పెరుగుదలకు, రెండు లోహాల మధ్య తేడా 0.1 మిల్లీమీటరు దాకా వస్తుంది. చల్లని ఇంజిన్‌కు 0.15, వేడి ఇంజిన్‌కు 0.25 అని ఈ తరహా ఇంజిన్లకు రెండు వేర్వేరు గ్యాపులు చెప్పడానికి కారణం అదే. అంటే ఇంజిన్ వేడెక్కేకొద్దీ గ్యాపు పెరుగుతుంది, తగ్గదు.

అయితే వాల్వూ హెడ్డూ ఒకే వేగంతో వేడెక్కవు. ఎగ్జాస్ట్ వాల్వు మంటలోనే ఉంటుంది గనుక కొన్ని సెకన్లలోనే వేడెక్కి పొడవు పెరుగుతుంది. హెడ్డు బరువైన లోహపు దిమ్మ, పైగా దాని చుట్టూ చల్లని నీరు ఉంటుంది కాబట్టి అది నిమిషాల మీద గానీ వేడెక్కదు. స్టార్ట్ చేసిన మొదటి అర నిమిషం తర్వాత వాల్వు పెరిగి, హెడ్డు ఇంకా పెరగని ఆ మధ్య కాలంలోనే గ్యాపు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. మన్యంరోడ్డు గారు గమనించిన 25 సెకన్లు వాల్వు పెరగడానికి పట్టిన కాలం, ఏడు నిమిషాలు హెడ్డు దాన్ని అందుకోవడానికి పట్టిన కాలం.

ఇక వేసవి సంగతి. 35 డిగ్రీల ఉదయానికీ 8 డిగ్రీల ఉదయానికీ ఉన్న తేడా వల్ల గ్యాపు మరో 0.03 మిల్లీమీటరు తగ్గుతుంది. గ్యాపు 0.15 ఉన్న ఇంజిన్‌కు అది లెక్కలోకి రాదు కానీ, ముందే 0.05కు దిగిపోయిన ఇంజిన్‌కు అది సగానికి పైనే. ముల్లు పైకి లేవడం లేదన్న మాట కూడా దీనికి తోడవుతోంది: హెడ్డు ఎంత ఆలస్యంగా వేడెక్కితే మిస్సింగ్ అంతసేపు నిలుస్తుంది.


మన్యంరోడ్డు
డిసెంబరు 13, సాయంత్రం 6:30

ఈ ఉదయం పక్క ఊరి మెకానిక్ ఒకరి దగ్గర ఫీలర్ గేజ్, కంప్రెషన్ గేజ్ తెచ్చుకుని స్వయంగా కొలిచాను. ఇన్లెట్ గ్యాపులు మూడూ 0.10 దగ్గర ఉన్నాయి. ఎగ్జాస్ట్‌లో ఒకటోది 0.07, మూడోది 0.08. రెండోదానిలో నా దగ్గరున్న అన్నిటికన్నా పలుచని 0.05 రేకు కూడా దూరలేదు.

చల్లగా ఉన్నప్పుడు కంప్రెషన్ వరుసగా 160, 148, 162 పీఎస్‌ఐ వచ్చింది. ఒక నిమిషం నడిపి, మిస్సింగ్ మొదలయ్యాక ఆపి, గబగబా రెండో ప్లగ్గు ఒక్కటే తీసి చూస్తే 105 వచ్చింది. పదిహేను నిమిషాలు నడిపి వేడెక్కించాక అదే సిలిండర్ 155 చూపింది. చల్లగా ఉన్నప్పుడు తీసిన అంకెలు మాత్రమే ఎవరైనా చూసి ఉంటే ఇంజిన్ బాగానే ఉందని చెప్పి పంపేసేవారు.

ఇంజిన్‌ను మళ్లీ సాయంత్రం దాకా పూర్తిగా చల్లారనిచ్చి ఆరు టాపెట్లనూ 0.15కు సరిచేశాను. ఈ పని చేయడం నాకు ఇదే మొదటిసారి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కదులుతోందని రెండోసారి కొలిచినప్పుడు తెలిసింది. అందుకే ప్రతిదీ బిగించాక మరోసారి కొలిచాను.


పాతపానా
డిసెంబరు 13, రాత్రి 8:00

ఆ అంకెల్లో మరో సంగతి కూడా ఉంది. ఆరింటికి ఆరూ తక్కువగానే ఉన్నాయంటే, ఎవరో వేడి ఇంజిన్ మీద చల్లని ఇంజిన్ అంకె పెట్టి 0.15కు బిగించారన్న మాట. వేడిలో 0.15 అయితే చల్లారాక 0.05 దాకా దిగుతుంది. కస్టమరు ఎదురుగా కూర్చుని తొందర పెడుతుంటే ఇంజిన్ చల్లారేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. మిగతా రెండింటికన్నా రెండో ఎగ్జాస్టు ఇంకా బిగిసిపోయిందంటే ఆ సీటు కొంత అరిగి వాల్వు పైకి జరిగింది. వేడిలో 155 వచ్చింది కనుక వాల్వు ఇంకా కాలలేదు, మీ అదృష్టం. వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి మళ్లీ కొలవండి. ఆ ఒక్క గ్యాపే మళ్లీ తగ్గుతూ పోతే మాత్రం హెడ్డు దింపక తప్పదు.

రేపు ఉదయం ఫలితం చూసి రాయండి. రెండో రోగం జోలికి అప్పటిదాకా పోవద్దు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది దేన్ని బాగుచేసిందో తెలియదు.


మన్యంరోడ్డు
డిసెంబరు 14, రాత్రి 7:45

ఉదయం 7 డిగ్రీల చలిలో స్టార్ట్ చేశాను. 25 సెకన్లు గడిచాయి, నిమిషం గడిచింది, పది నిమిషాలు గడిచాయి. ఒక్క మిస్ కూడా లేదు. టాపెట్ల శబ్దం మునుపటికన్నా కొద్దిగా వినిపిస్తోంది, ఆ శబ్దం ఇప్పుడు నాకు ధైర్యంగా ఉంది. పాతపానా గారికీ కొలబద్ద గారికీ నా హృదయపూర్వక నమస్కారాలు.

కారు ఏడో కిలోమీటరు దాటాక మాత్రం యథాప్రకారం ఆగిపోయింది.


పాతపానా
డిసెంబరు 14, రాత్రి 8:50

సంతోషం. ఇక రెండోదానికి వద్దాం. చోక్ లాగితే వెంటనే ఆగిపోతోంది, పొగ నల్లగా ఉంది అన్నారు. ఇంజిన్‌కు పెట్రోలు అందకపోతే చోక్ లాగగానే కాస్తయినా తేరుకోవాలి. మీ ఇంజిన్‌కు అందనిది పెట్రోలు కాదు, గాలి. గాలి వెళ్లే దారిలో ఏదో అడ్డం పడుతోంది, పది నిమిషాల్లో ఆ అడ్డం దానంతట అదే మాయమవుతోంది. అలా మాయమయ్యేది నాకు తెలిసి మంచు గడ్డ ఒక్కటే.

తరువాత ఆగినప్పుడు ఆలస్యం చేయకుండా బానెట్ ఎత్తి, ఎయిర్ క్లీనర్ మూత తీసి, సెల్‌ఫోన్ వెలుగులో కార్బ్యురేటర్ గొంతులోకి చూడండి. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఇంజిన్ వేడికి సాక్ష్యం కరిగిపోతుంది. పనిలో పనిగా, ఎయిర్ క్లీనర్ ముక్కు దగ్గర నుంచి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి వచ్చే వేడి గొట్టం) వైపు దిగే గొట్టం ఉందో లేదో, థర్మోస్టాట్ హౌసింగ్ లోపల థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని ఆపే వాల్వు) ఉందో లేదో చూసి చెప్పండి.


ఆదిలాబాద్ ఉదయం
డిసెంబరు 14, రాత్రి 9:30

బయట 7 డిగ్రీలున్నప్పుడు కార్బ్యురేటర్‌లో మంచు గడ్డ ఎలా కడుతుంది? నీరు గడ్డ కట్టాలంటే సున్నాకు దిగాలి కదా. మా దగ్గర అంతే చలి ఉన్నా నేనెప్పుడూ ఇది చూడలేదు. కొలబద్ద గారు కాస్త వివరించగలరా?


కొలబద్ద
డిసెంబరు 14, రాత్రి 10:15

కొత్త కుండలో నీరు ఎందుకు చల్లబడుతుందో ఇదీ అందుకే. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, ఆ వేడిని అది చుట్టూ ఉన్న గాలి నుంచి, లోహం నుంచి లాక్కుంటుంది. కార్బ్యురేటర్ గొంతులో పెట్రోలు తుంపరగా మారి ఆవిరయ్యేటప్పుడు అక్కడి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దాకా పడిపోగలదు. గొంతు సన్నబడిన చోట గాలి వేగం పెరిగి పీడనం తగ్గడం వల్ల మరికొంత చల్లబడుతుంది. బయట 7 డిగ్రీలుంటే లోపల సున్నాకు చాలా దిగువన ఉంటుందన్న మాట. గాలిలో తేమ ఉంటే అది థ్రాటిల్ పలక (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే తలుపు) మీద, గొంతు గోడల మీద మంచుగా పేరుకుంటుంది. కార్బ్యురేటర్ ఉన్న చిన్న విమానాలలో పైలట్ చేతికి అందేలా వేడి గాలి మీట ప్రత్యేకంగా పెట్టేది ఈ ప్రమాదం కోసమే. వాటిలో 20 డిగ్రీల వాతావరణంలో కూడా, తేమ ఎక్కువగా ఉంటే, మంచు కట్టడం తెలిసిన విషయమే.

ఆదిలాబాద్ చలి పొడిగా ఉంటుంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి ఉదయపు గాలి పొగమంచుతో తడిసి ముద్దయి ఉంటుంది. మీ దగ్గర కట్టనిది అక్కడ కట్టడానికి చలికన్నా తేమే ముఖ్యమైన కారణం. స్టార్ట్ చేయగానే కాక ఏడో కిలోమీటరులో ఆగడం కూడా దీనికి సరిపోతోంది: మంచు పొర మీద పొర పేరుకోవడానికి అంత సమయం పడుతుంది. ఇంజిన్ ఆపగానే పెట్రోలు ఆవిరి కావడం ఆగిపోతుంది, కింద నుంచి మానిఫోల్డ్ వేడి పైకి ఎక్కుతుంది, పది నిమిషాల్లో మంచు కరుగుతుంది.

ఇథనాల్ విషయంలో గోదారి గట్టు గారి మాట పూర్తిగా కొట్టిపారేయదగినది కాదని కూడా చెప్పాలి. పెట్రోలుతో పోల్చితే ఇథనాల్ ఆవిరి కావడానికి కిలోకు రెండింతలకు పైగా వేడి తీసుకుంటుంది. చల్లని ఇంజిన్‌కు అది కొంత భారమే. కానీ అదే బంకు పెట్రోలుతో మధ్యాహ్నం బాగా నడిచే కారుకు దాన్ని అసలు కారణంగా చూపలేం.


హార్స్‌లీ దారి
డిసెంబరు 15, ఉదయం 8:10

నాది మదనపల్లె. 2004 నాటి ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) కారు, కార్బ్యురేటర్ లేదు. కొండ మీద చలిలో నాకూ మొదటి ఐదు నిమిషాలు మిస్సింగ్ ఉంటుంది. ఈ మంచు సంగతి నాకూ వర్తిస్తుందా?


టొరంటో తెలుగు
డిసెంబరు 15, ఉదయం 10:40

వర్తించే అవకాశం చాలా తక్కువ. ఇంజెక్టర్ పెట్రోలును ఇన్లెట్ వాల్వు దగ్గర, వేడి లోహం మీద చిమ్ముతుంది కాబట్టి థ్రాటిల్ దగ్గర ఆ చల్లదనం ఉండదు. మాకు ఇక్కడ మైనస్ 15 డిగ్రీల ఉదయాలు మామూలే. ఆ వయసు ఇంజెక్షన్ కార్లలో నేను మొదట చూసేది కూలెంట్ టెంపరేచర్ సెన్సార్. అది చెడి, చల్లని ఇంజిన్‌ను వేడిదని కంప్యూటర్‌కు చెబితే పెట్రోలు చాలదు, మిస్సింగ్ వస్తుంది. రెండోది ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టం) గాస్కెట్. చలికి లోహం ముడుచుకున్నప్పుడు సందు ఏర్పడి అదనపు గాలి చొరబడుతుంది, వేడెక్కాక సందు మూసుకుంటుంది. సెన్సార్ రెసిస్టెన్స్‌ను చల్లగా ఉన్నప్పుడు, వేడిగా ఉన్నప్పుడు కొలిచి చూడండి. మిగతా వివరాలు వేరే చర్చగా రాస్తే అక్కడ సమాధానమిస్తాను, ఇక్కడి వరుస తెగకుండా ఉంటుంది.


మన్యంరోడ్డు
డిసెంబరు 17, రాత్రి 8:30

ఈ ఉదయం కారు ఆగిన వెంటనే మూత తీసి చూశాను. కార్బ్యురేటర్ గొంతులో, థ్రాటిల్ పలక అంచు చుట్టూ, తెల్లగా గరుకుగా మంచు పేరుకుని ఉంది. వేలితో గీరితే గోటికి వచ్చింది. కార్బ్యురేటర్ బయటి వైపు కూడా నీటి బొట్లు గడ్డకట్టి ఉన్నాయి. ఫోటో తీసేలోపే అంచులు కరగడం మొదలైంది. నెల రోజులుగా వెతుకుతున్నది కళ్ల ముందు కనిపించేసరికి ఆ చలిలో రోడ్డు పక్కన చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

ఎయిర్ క్లీనర్ ముక్కు నుంచి కిందికి దిగే గొట్టం లేదు. మానిఫోల్డ్ మీద ఉండవలసిన రేకు తొడుగు ఉంది కానీ దాని మూతి ఖాళీగా ఉంది. థర్మోస్టాట్ హౌసింగ్ విప్పాను. లోపల ఏమీ లేదు, ఉత్త గాస్కెట్ పెట్టి మూసేశారు.


పాతపానా
డిసెంబరు 17, రాత్రి 9:40

నేను భయపడిందే నిజమైంది. మా వైపు మే నెలలో 45 డిగ్రీల ఎండకు ఇంజిన్లు ఉడుకుతుంటే, మెకానిక్కులు మొదట చేసే పని థర్మోస్టాట్ పీకేయడం. దాంతో ఇంజిన్ ఎప్పుడూ చల్లగా ఉంటుందని వారి నమ్మకం. రేడియేటర్ పూడుకుపోవడం, ఫ్యాను సరిగా తిరగకపోవడం లాంటి అసలు కారణాలు అలాగే ఉండిపోతాయి. ఆ గొట్టాన్ని కూడా ‘అనవసరం’ అని తీసేసి ఉంటారు. మైదానంలో ఆ కారు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. దాన్ని మీరు ఏజెన్సీకి తీసుకెళ్లారు, అక్కడ ఆ రెండు వస్తువులే ప్రాణాధారం.

థర్మోస్టాట్ సాధారణంగా 82 డిగ్రీల ప్రాంతానికి వచ్చేదాకా నీటిని రేడియేటర్‌కు వదలదు. కార్బ్యురేటర్ కింద ఉన్న ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఇంజిన్ వేడి నీరు తిరిగే దారి ఉంటుంది, పెట్రోలు సరిగా ఆవిరి కావడానికి ఆ వేడి కావాలి. థర్మోస్టాట్ లేని మీ ఇంజిన్‌లో అక్కడ తిరుగుతున్నది గోరువెచ్చని నీరు కూడా కాదు. ఇక గొట్టం మానిఫోల్డ్ మీది వేడి గాలిని ఎయిర్ క్లీనర్‌కు అందిస్తుంది. ఆ కాలపు చాలా కార్బ్యురేటర్ కార్లలో వేసవికీ శీతాకాలానికీ వేర్వేరుగా గాలి తీసుకునే ఏర్పాటు ఉండేది. తయారు చేసినవారు ఇవన్నీ ఆలోచించి పెట్టినవే.

ముందు థర్మోస్టాట్ వేయండి. వేసేముందు దారానికి కట్టి గిన్నెలో నీళ్లు మరిగిస్తూ అది తెరుచుకుంటోందో లేదో చూడండి. మూడు నాలుగు రోజులు నడిపాక గొట్టం పెట్టండి. ఇంకొక హెచ్చరిక: దారిలో ఆగితే కార్బ్యురేటర్ మీద వేడి నీళ్లు పోయకండి. బానెట్ మూసి పది నిమిషాలు ఆగితే చాలు.


మన్యంరోడ్డు
జనవరి 6, రాత్రి 8:15

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, పూర్తిగా పరీక్షించాకే రాద్దామని ఆగాను.

థర్మోస్టాట్ డిసెంబరు 20న వేశాను. ముల్లు నాలుగో కిలోమీటరుకే సగానికి వస్తోంది, హీటరు గాలి మొదటిసారి వెచ్చగా తగిలింది. ఆ మార్పుతోనే ఆగిపోవడం తగ్గింది. ఐదు ప్రయాణాల్లో రెండుసార్లు మాత్రమే, అదీ పన్నెండో కిలోమీటరు దాటాక, పికప్ మందగించింది గానీ ఇంజిన్ ఆగలేదు. 29న విశాఖపట్నంలో సరైన కొలతకు అల్యూమినియం ముడతల గొట్టం దొరికితే తెచ్చి, మానిఫోల్డ్ తొడుగుకూ ఎయిర్ క్లీనర్ ముక్కుకూ మధ్య క్లిప్పులతో బిగించాను. ప్లగ్ వైర్లకు తగలకుండా తీగతో పక్కకు కట్టాను. అప్పటి నుంచి ఆరుసార్లు వెళ్లాను. ఒక రోజు లంబసింగి దగ్గర నాలుగు డిగ్రీల చలి, ఎదుటి వాహనం దీపాలు కూడా కనిపించనంత పొగమంచు ఉన్నాయి. ఎక్కడా తడబడలేదు. థర్మోస్టాట్, గొట్టం, గాస్కెట్లు కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు.

నిన్న రెండో ఎగ్జాస్ట్ టాపెట్ మళ్లీ కొలిచాను, సుమారు 900 కిలోమీటర్లు తిరిగింది. 0.14 ఉంది. అది కొలతలోని తేడానా, నిజంగా తగ్గుతోందా?


పాతపానా
జనవరి 6, రాత్రి 9:20

0.14 అంటే కంగారు పడనక్కర్లేదు, రేకు పట్టే చేతి ఒత్తిడికే అంత తేడా వస్తుంది. మరో వెయ్యికి 0.12 చూపితే అప్పుడు ఆలోచిద్దాం. ప్రతిసారీ అదే రేకుతో, రాత్రంతా ఆరుబయట ఉన్న ఇంజిన్ మీదే కొలవండి.

మార్చి చివరలో ఎండ ముదరగానే ఆ గొట్టాన్ని ఎయిర్ క్లీనర్ ముక్కు నుంచి తప్పించండి, వేసవిలో వేడి గాలి లోపలికి వెళితే పికప్ తగ్గిపోతుంది. పారేయకుండా డిక్కీలోనే ఉంచుకోండి. థర్మోస్టాట్‌ను మాత్రం ఏ ఎండకూ, ఎవరు చెప్పినా తీయనివ్వకండి.


మన్యంరోడ్డు
జనవరి 6, రాత్రి 9:45

అలాగేనండి. కారు కాగితాల సంచిలో ఒక చిన్న పుస్తకం పెట్టి, చల్లని గ్యాపు 0.15 అని మొదటి పేజీలోనే రాశాను. ఎవరి షెడ్డుకు తీసుకెళ్లినా ముందు అది చూపిస్తాను.